మొదటి దెబ్బ

మా ఆడబిడ్డ చచ్చిపోయిందని నాకు పెళ్ళిచూపుల నాడే చెప్పారు.

పచ్చకామెర్లన్నారు. డిగ్రీ చదివేటప్పుడు వచ్చాయట, సికింద్రాబాద్ ఆస్పత్రిలో పెట్టినా దక్కలేదట. మా నాయిన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. మా అమ్మ మాత్రం బస్సెక్కాక నా చెవిలో, "పోనీతియ్, ఆడిబిడ్డ పోరు తప్పింది" అని, అన్నందుకు వెంటనే లెంపలేసుకుంది.

అట్లా నేను లక్ష్మణ్ పటేల్ ఇంటికి కోడలిగా వచ్చేసరికి సుగుణ వదినె గోడ మీద ఉంది. దండ వేసిన ఫోటో. కాలేజీ పిల్ల, రెండు జడలు, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన చిన్న గాటు. చిన్నప్పుడు బండి మీంచి పడిందట. రోజూ ఆ ఫోటో ముందు ఊదుబత్తి ముట్టించే పని అత్తమ్మ నాకే అప్పగించింది. తను ఒక్కనాడూ ముట్టించేది కాదు. కన్నకడుపు, చేతులు రావులే అనుకున్నాను.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య వస్తే చచ్చిన పెద్దల పేరున బియ్యం, పప్పు, కూరగాయలు మూటగట్టి అయ్యగారికి ఇస్తాం. మామ వాళ్ళ నాయిన పేరున ఒక మూట, అవ్వ పేరున ఒకటి. అవి తీసుకోవడానికి అయ్యగారే ఇంటికొచ్చేవాడు. మూడోది సుగుణ వదినెది. పెళ్ళి కాకుండా పోయిన పిల్లకు అక్కర్లేదని అయ్యగారు ఎంత చెప్పినా అత్తమ్మ వినేది కాదు. ఆ మూట మాత్రం డప్పు సత్తయ్య చేతికిచ్చి "గుళ్ళె ఇచ్చి రాపో" అని పంపేది. మూటలు కట్టేది నేను. మూడోదాంట్లో బియ్యంతో పాటు పండుమిర్చి తొక్కు కూడా ఒక డబ్బా పెట్టించేది.

"చచ్చినోళ్ళకు తొక్కెందుకు అత్తమ్మా?" అని అడిగాను మొదటి ఏడు.

"తొక్కంటే దానికి పానం" అంది.

ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంకో గంటెడు తొక్కు వేశాను. ఎండకు తోటకూర వడలిపోకుండా తడిగుడ్డ చుట్టి, మా పుట్టింట్లో ఎడ్లకు వేసే ముడి వేశాను. ఎంత లాగితే అంత బిగుస్తుంది ఆ ముడి. సరైన కొస పట్టి గుంజితే ఒక్కసారే ఊడుతుంది. తెలియనివాళ్ళకు ఆ కొస దొరకదు.

రెండువేల ఐదులో మిర్గం కార్తె వెళ్ళిన వారానికి మామ వెంచర్ మొదలైంది.

మా ఊరు శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే తొవ్వ మీద ఉంటుంది. అప్పటికే ఆ తొవ్వ పొడుగునా జొన్నచేన్లకు బదులు తెల్లసున్నం వేసిన రాళ్ళు మొలుస్తున్నాయి. మామ కూడా మా పడమటి చెలకను ప్లాట్లు చేశాడు. అమ్మిపెట్టే బాధ్యత ఫణిభూషణ్ అనే ఆయనది. విజయవాడ వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా మాట్లాడేవాడు.

"సర్, వచ్చేవాళ్ళంతా బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు. డప్పులూ సన్నాయిలూ పెడితే ఇదేదో జాతర అనుకుంటారండీ. క్లాసుగా ఉండాలి. బొలారంలో ఇంగ్లీషు బ్యాండొకటి ఉందట. నవీన్ గారు నంబరిచ్చారు" అన్నాడు.

నవీన్ మా ఆయన. మామ పేపర్లోంచి తలెత్తకుండానే, "ఎవ్వనన్న పెట్టుకో. ప్లాట్లు అమ్ముడు పోవాలె" అన్నాడు.

ఓపెనింగ్ నాడు పొద్దంతా మబ్బు. చెలకలో షామియానా, రంగుకాగితాల జెండాలు, ఒక పక్కన జనరేటర్. స్టేజీ మీద ముందు వరుసలో మామ, ఆయన వెనక కుడివైపు బ్యాండు. నలుగురు మగవాళ్ళు, ఒకామె. ఆమె నూలుచీర కట్టుకుంది, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. అటు తిరిగి మైకు తీగ సర్దుకుంటోంది. నేను ఆడవాళ్ళ వరుసలో కొత్తగా వచ్చిన ప్లాట్ల పార్టీకి మంచినీళ్ళందిస్తున్నాను.

మొదట ఒక ముసలాయన ఫిడేలు తీశాడు. ఇంగ్లీషు పాటంటే ఎగిరి దుంకేదేదో అనుకున్నాం. ఇది మా ఊళ్ళో పీనుగ దగ్గర ముసలమ్మలు తీసే శోకంలా ఉంది, సాగదీసుకుంటూ. అంతలో డ్రమ్ము అందుకుంది. అది మాత్రం శోకం కాదు. ఎండపూట మెత్తటి మట్టిలో నడిచే మనిషి నడకలా, ఊగుతూ, తీరుబడిగా ఉంది. నేను మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కబెట్టుకుంటే, ఒకటి అనే చోట ఏమీ లేదు. ఖాళీ. కొట్టవలసిన చోట కొట్టకుండా ఆ డ్రమ్మువాడు చేతులు గాలిలో ఆపుతున్నాడు.

నా పక్కన కూర్చున్న శేషారత్నం గారని, మేడ్చల్‌లో కాపురముండే బ్యాంకు ఆఫీసరు భార్య, మొగుడి చెవిలో అంది: "మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేనట్టుందేమిటండీ ఈ పాట?"

"ఊరుకో. అడ్వాన్సు ఇచ్చేశాం" అన్నాడు యజ్ఞనారాయణగారు.

అప్పుడు ఆమె పాడుతూ ఇటు తిరిగింది.

ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది.

చచ్చినవాళ్ళకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. నేను డిగ్రీ చదివినదాన్ని. అయినా నా కళ్ళు ముందు ఆమె కాళ్ళ వైపే పోయాయి. తోలు చెప్పులు, వేళ్ళు ముందుకే ఉన్నాయి. ఆ పొద్దున్నే ఆ ముఖానికి ఊదుబత్తి ముట్టించి వచ్చాను. నా వేళ్ళకు ఇంకా ఆ వాసన పోలేదు.

ఎవరికన్నా చెప్పాలని చుట్టూ చూశాను. మా ఊరి ఆడవాళ్ళందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కానీ ఒక్కరూ ఆమెను చూడడం లేదు. అందరూ మామను చూస్తున్నారు. అత్తమ్మ తల దించుకుంది. మా ఆయన జనరేటర్ పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. అక్కడ దయ్యాన్ని చూసినట్టు భయపడింది నేనొక్కదాన్నే.

మామ వెనక్కి తిరగలేదు. ఆ గొంతు వినగానే ఆయన మెడ బిగుసుకుంది, అంతే. కుర్చీ చెయ్యి మీద ఆయన చూపుడువేలు లేస్తోంది, లేచి, కొట్టకుండా ఆగుతోంది. అట్లా రెండు మూడు సార్లు జరిగింది. తర్వాత ఆయన చెయ్యెత్తి నవీన్‌ను చూశాడు.

"బంద్ పెట్టు."

జనరేటర్ ఆగింది. మైకు చచ్చింది, గిటార్లు చచ్చాయి. కరెంటుతో పనిలేని డ్రమ్ము మాత్రం కాసేపు అట్లాగే ఖాళీ వదులుతూ మోగి, దానంతటదే ఆగిపోయింది. ఫణిభూషణ్ పరుగెత్తుకొచ్చి, "చిన్న టెక్నికల్ ప్రాబ్లమండీ, ఈలోగా భోజనాలు" అన్నాడు.

జనం భోజనాల వైపు పోయారు. ఆమె స్టేజీ దిగి నా పక్క నుంచి పోతూ ఆగింది. నేను వెనక్కి ఒక అడుగు వేశాను.

"నువ్వేనా స్వరూపా?" అంది. గొంతు అచ్చం అత్తమ్మదే. "ఎడ్ల ముడి ఏసేది నువ్వేనా? మొదటి ఏడు కత్తెరతోని కోసిన. రెండో ఏడు కొస దొరికింది."

చచ్చిపోయిన మనిషి నా ముడిని గుర్తుపట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తమ్మను పట్టుకున్నాను. ఆమె బియ్యం ఏరుతోంది. రాళ్ళు లేని బియ్యం.

"అత్తమ్మా, మూడో మూట గుళ్ళెకు పోతలేదా?"

"లేదు బిడ్డా."

"మరి యాడికి పోతాంది?"

"బొలారం. స్టేషన్ ఎనుక పెంకుటిల్లు. సత్తయ్య పట్కపోయి ఇచ్చొస్తడు."

"అంటే చచ్చినోళ్ళ బియ్యం..."

"అదే వండుకొని తింటది" అంది అత్తమ్మ. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కాలేజీల ఆ ట్రెవర్ పిలగానితోని కల్సి పాటలు పాడింది. వాడు ఇంగ్లీషు దొరలకు పుట్టినోళ్ళ మన్మడు. పెండ్లి చేస్కుంటనన్నది. మీ మామ వద్దన్నడు. పోయింది. ఆయన ఏం చేసిండు? గడ్డిబొమ్మ చేపిచ్చి దానికి నా బిడ్డ లంగా కట్టిచ్చి కాల్చిండు. ఊరు ఊరంత ఇనేటట్టు సత్తయ్యతోని చావుడప్పు కొట్టిచ్చిండు. తొమ్మిదేండ్లాయె. మాట మీదికెక్కి కూసున్నడు, దిగనీకె నిచ్చెన లేదు. ఉత్తగ బియ్యం పంపుతే ఊరడుగుతది, ఆయన అడుగుతడు. సచ్చినదాని పేరు జెప్పి పంపుతే ఎవ్వడడుగుతడు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"లేచిపోయిన పిల్లున్న ఇంటికి నిన్నిస్తుండెనా మీ నాయిన?"

ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళి సంబంధాలకు చచ్చిన ఆడబిడ్డ అడ్డం రాదు. బతికున్నదే వస్తుంది.

మా ఆయన్ని పట్టుకుంటే ఆయన మంచం పట్టె మీద గోరుతో గీకుతూ కూర్చున్నాడు.

"నంబరిచ్చింది నువ్వేనట."

"ఊఁ. సీదా ఇంటికి తెచ్చే దమ్ము లేకపాయె. నలుగురి ముందట స్టేజీ మీదికి తెస్తే బాపు ఏమనడనుకున్న."

"మూడేండ్లు నాతోని ఊదుబత్తులు కాల్పిచ్చిన్రు. మీ అక్క బతికున్నదని నాకొక్క మాట చెప్పొద్దా?"

"చచ్చిందని చెప్పి పెండ్లి చేస్కుంటిమి. బతికిందని చెప్పనీకె మంచిరోజు దొరకలే."

కొట్టాలనిపించింది. నవ్వూ వచ్చింది. రెండూ మింగి పడుకున్నాను.

నాలుగైదు రోజులు పోయాక, మామ అన్నం తింటూ ముద్ద చేతిలోనే ఆపి, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"ఈసారి పెత్రమాసకు మూడు మూటలు అయ్యగారికే ఇయ్యాలె. నా ముందట్నే. గుళ్ళెకు పంపుడు బంద్."

అత్తమ్మ చేతిలో గంటె గిన్నెకు తగిలి టంగుమంది. ఆయన తిని చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. ఆమె అక్కడే పొయ్యి ముందు కూలబడింది.

"ఇన్నేండ్లు ఆయన కర్మ చేసిండు గని, నేను చెయ్యలే స్వరూపా" అంది. "నేను నా బిడ్డకు తిండి పంపుకున్న. ఇప్పుడు నా కండ్ల ముంగట, నా ఇంటి బియ్యం, నా బిడ్డ సచ్చిందని అయ్యగారి చేతుల పోయిస్తడట. అది నేనెట్ల సూడాలె?"

ఆ వానాకాలమంతా ఇంట్లో అదే నడిచింది. అందరమూ పెత్రమాస ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ వైపు చూసి చూపు తిప్పుకునేవాళ్ళం. అత్తమ్మ తిండి తగ్గింది. నేను ఫోటో ముందు ఊదుబత్తి ముట్టించడం మానేశాను. మొదటి రోజు మామ ఫోటో ముందు నిలబడి, కింద పడిన పాత నుసిని చూసి, నన్ను చూసి వెళ్ళిపోయాడు. ప్లాట్లు మాత్రం బాగానే అమ్ముడు పోయాయి.

శ్రావణంలో, అల్వాల్‌లో రైకలు కుట్టించుకొస్తానని చెప్పి, సత్తయ్యను తోడు తీసుకుని బొలారం బస్సెక్కాను. బతికున్న మనిషిని ఒకసారి బతికున్నట్టుగా చూడకపోతే నాకు పిచ్చెక్కేటట్టుంది.

పెంకుటింటి వరండాలో బ్యాండంతా కూర్చుని పాటలు కలుపుకుంటోంది. ట్రెవర్ అన్నయ్య బడిలో సంగీతం చెబుతాడట, ముఖం నిండా గడ్డం, సిగ్గరి. ఫిడేలాయన ట్రెవర్ మేనమామ డెన్నిస్. నన్ను చూడగానే కుర్చీ ఖాళీ చేసి, "ఆవ్ బేటీ, బైఠో. చాయ్ పీతే?" అన్నాడు. ఇంగ్లీషాయన నోట మా శామీర్‌పేట సంతలో వినబడే ఉర్దూ విని నేను నోరు తెరిచాను.

వదినె నా చేతులు పట్టుకుని చూసింది. "ఇంత చిన్న చేతులా? గంత గట్టి ముడి ఎట్ల ఏస్తవ్ మరదలా?"

"ఎడ్లున్న ఇంట్ల పుట్టిన వదినా."

"బాపు షుగర్ ఎట్లున్నది?"

అమ్మ గురించి అడుగుతుందనుకున్నాను. ముందు బాపు గురించే అడిగింది.

ఆ రోజు చెలకలో సగంలో ఆగిన పాట నా కోసం మొత్తం పాడారు. ఇంగ్లండు పల్లెల్లో కోతలప్పుడు, నూలు వడికేటప్పుడు పాడుకునే పాత పాటలవి, డెన్నిస్ వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి వచ్చినవి. తాళం మాత్రం ఆ దేశానిది కాదట. సముద్రాల అవతల జమైకా అనే దీవిలో, చెరకు తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ పిల్లలు పుట్టించిన తాళం. రెగే అంటారట. ఈ పాటను ఆ తాళం మీద కూర్చోబెట్టింది ట్రెవర్.

"దొరల పాట, కూలోళ్ళ తాళం. రెండింటికి మేం పెండ్లి చేసినం. వాళ్ళ పెద్దమనుషులు కూడ ఒప్పుకోలే" అని నవ్వింది వదినె.

"ఆ పాటల ఏమున్నది?"

"సముద్రంల పడి సచ్చిపోయిన పిల్ల, తడిబట్టలతోని అమ్మ ఇంటికొచ్చి తలుపు కొడతది. ఇంట్లోళ్ళకు అది సచ్చిన సంగతి ఇంక తెల్వదు. బువ్వ పెడతరు, పొయ్యి కాడ కూసోబెడతరు."

"తర్వాత?"

"కోడి కూస్తది."

వాళ్ళ పాటలో చచ్చిన పిల్లకు బతికిందనుకుని అన్నం పెట్టారు. మా ఇంట్లో బతికిన పిల్లకు చచ్చిందని పెడుతున్నాం. పెత్రమాస గురించి మామ అన్న మాట చెప్పాను. ఆమె చాలాసేపు డ్రమ్ము అంచును చీరకొంగుతో తుడిచింది.

"నాకు బియ్యం కొదవ లేదు స్వరూపా. అమ్మ బియ్యం కదా అని తింటున్న. నాకొక్కటే కోరిక ఉండె. ఒక్క బతుకమ్మకు మా ఇంటి ముందట ఆడాలె. అంతకంటే ఏం లేదు."

పెత్రమాస సాయంత్రమే మొదటి బతుకమ్మ. పొద్దున చచ్చినవాళ్ళకు బియ్యం, సాయంత్రం ఇంటి ఆడపిల్లలకు పూలు. ఆమె పేరు ఆ రోజు పొద్దుటి లెక్కలోకి పోతుందా, సాయంత్రపు లెక్కలోకి వస్తుందా అన్నదే మిగిలింది.

"తాళంల ఆ ఖాళీ ఎందుకు వదినా?" అని లేవబోతూ అడిగాను.

"మొదటి దెబ్బ ఎవ్వరు కొట్టరు. ఇనేటోళ్ళే లోపల కొట్టుకోవాలె. గదే దాని రుచి."

వరండా మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్న సత్తయ్య గ్లాసు కింద పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు హకీంపేట దాటింది. సత్తయ్య ముందు సీటు కడ్డీ పట్టుకుని మెల్లగా మొదలుపెట్టాడు.

"కోడలమ్మా, నీకొక మాట జెప్త. ఇన్నేండ్లు ఎవ్వరికి జెప్పలే. నా ముసల్దానికి గూడ."

"చెప్పు సత్తయ్యా."

"చావుదెబ్బకు మొదటి దెబ్బ పెద్దది. గది పడితేనే మనిషి పోయినట్టు. దాని ఎనుకవి అన్ని దానికి తోక. ఆ దినం పటేలు గేటు ముందట నిలబెట్టి కొట్టుమన్నడు. ఆ పిల్ల నా కండ్ల ముందట పెరిగింది. డప్పు కాస్తుంటే వచ్చి పక్కన కూసుండి గడ్డి ఎగేసేది. దానికెట్ల కొడత? కొట్టనంటే ఊర్ల ఉండనియ్యడు. మొదటి దెబ్బ ఇడిచిపెట్టిన. సిర్రపుల్ల లేపిన, ఆపిన. రెండోకాడికెల్లి అందుకున్న. ఊరంత ఏడ్పుల ఉన్నది, ఎవ్వనికి ఎరుక గాలే. ఆ పిల్లకు చావుదెబ్బ పడలే. గదొక్కటే నా ధైర్నం. పటేలుకు తెలిస్తే నా తోలు తీసి డప్పు కట్టిస్తడు. ఎవ్వరికి జెప్పకు."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా.

పెత్రమాస వచ్చింది. మామ తలస్నానం చేసి, పట్టుపంచె కట్టి పీట మీద కూర్చున్నాడు. బియ్యం ఇచ్చేదాకా ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టడు. అయ్యగారు ఎదురుగా కూర్చుని మంత్రం అందుకోబోతూ చాటలో చూశాడు.

చాటలో రెండు మూటలే ఉన్నాయి.

"మూడోదేది?" అన్నాడు మామ.

అత్తమ్మ తలుపు చాటున ఉంది. ఆమెకూ తెలియదు. తెల్లవారకముందే లేచి నేనే కట్టాను, రెండే కట్టాను.

"కట్టలే మామా."

"ఎందుకు?"

"బియ్యం చచ్చినోళ్ళకిస్తరు. బతికినోళ్ళను బువ్వకు పిలుస్తరు. పిలిచిన. సత్తయ్య పొద్దుగాల బస్సుకు పోయిండు."

నా గొంతు నాకే పరాయిగా వినబడింది. మూడేళ్ళలో మామకు నేను ఎదురు చెప్పింది ఒకే ఒక్కసారి, అదీ చాయ్‌లో చక్కెర వెయ్యనని. మా ఆయన గోడకు ఆనుకున్నాడు. అయ్యగారు అందరి కంటే ముందు తేరుకున్నాడు. "పెళ్ళి కాని పిల్లకు అక్కర్లేదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను కదా" అని, గబగబా రెండు మూటలకూ మంత్రం చదివి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

మామ తిడతాడనుకున్నాను. పుట్టింటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన పీట మీంచి లేచి, వాకిట్లో కుర్చీ వేయించుకుని గేటు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. అత్తమ్మ లోటాతో మజ్జిగ తెచ్చింది.

"షుగరు మనిషివి. ఇంత సల్లన్న తాగు."

తల అడ్డంగా ఊపాడు. గేటుకు తాళం వేయిస్తాడేమోనని నేను చూస్తూనే ఉన్నాను. తాళం గుత్తి ఆయన నడుముకే ఉంది. చెయ్యి దాని మీదికి పోలేదు, అట్లాగని ముఖమూ తెరిపిన పడలేదు. మధ్యాహ్నం దాటింది.

పొద్దు వాలేసరికి ఊరి ఆడవాళ్ళు తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చిన బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోకే వచ్చారు. ఏటా వచ్చేవాళ్ళు సగమైతే, ఆ సారి చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంకో సగం. ఊళ్ళో నా మాట అప్పటికే అన్ని ఇళ్ళూ తిరిగింది. బతుకమ్మలను వాకిలి మధ్య దించారు. పాట ఎత్తుకోవడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

సత్తయ్య వచ్చాడు. వెనక వదినె. ఆమె వెనక ట్రెవర్ అన్నయ్య, ఫిడేలు పెట్టె చంకన పెట్టుకుని డెన్నిస్. వదినె చేతిలో ఒక చిన్న బతుకమ్మ ఉంది. బొలారంలో తంగేడు దొరకలేదేమో, గన్నేరుపూలతో పేర్చింది. గేటు దగ్గరికొచ్చి ఆగింది. లోపలికి అడుగు వేయలేదు.

ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. అత్తమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. ఆమె గోళ్ళు నా రైకలోంచి దిగుతున్నాయి.

సత్తయ్య తల వంచుకుని, పొద్దున మా అరుగుకు ఆనించి పోయిన డప్పు తీసుకున్నాడు. గుప్పెడు గడ్డి ముట్టించి మంట మీద కాచాడు. వేలితో తట్టి చూసుకుని, మళ్ళీ కాచాడు. కాగిన డప్పును కూడా కాస్తూనే ఉన్నాడు.

"సత్తీ" అన్నాడు మామ.

పొద్దున మూట సంగతి అడిగాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"పటేలా."

"ఆ దినం గిదే గేటు ముందట కొట్టినవ్ గదా."

సత్తయ్య చేతిలో డప్పు కిందికి జారింది. "కొట్టిన పటేలా."

మామ గేటు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత సత్తయ్య వైపు తిరిగి, పొలంలో పని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"ఈ తాప మొదటి దెబ్బ ఇడువకు."

సత్తయ్య ఉలిక్కిపడి నన్ను చూశాడు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. వాకిట్లో ఉన్న మిగతావాళ్ళకు ఆయన ఏమన్నాడో అర్థం కాలేదు.

సత్తయ్య డప్పు ఎదకు ఎత్తుకున్నాడు. సిర్ర లేచింది, ఒక్క క్షణం గాలిలో ఆగింది, పడింది. గూట్లో పావురాలు లేచిపోయాయి. ఆ దెబ్బ మీదే వదినె గేటు దాటింది.

పాట ఎవరు ఎత్తుకున్నారో నాకు గుర్తులేదు. మామ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, తూలి, నా చెయ్యి అందుకున్నాడు. లోపలికి నడుస్తూ, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"స్వరూపా, ఇంట్ల పండుమిర్చి తొక్కున్నదా, అయిపోయిందా?"